కొండదారిలో గౌరవ్వ సెలవు

లింబాద్రి గల్ఫ్‌లో, ఇబ్రి అనే ఊళ్లో నడిపేది మామూలు బండి కాదు, చక్రాల మీది ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, కిటికీలకు పూల కర్టెన్లు, అన్నీ ఉన్నాయి. టూరిస్టులు అందులో పడుకుని కొండలు చూస్తారు. వాళ్లను దింపేసి, దానికి తాళం వేసి, లింబాద్రి తన రూముకు పోతాడు. అక్కడ మంచం మీద లేచి కూర్చుంటే పైమంచం నెత్తికి తగులుతుంది.

అతని భార్య గౌరవ్వ అదే దేశంలో, దూరాన ఉన్న ఘుబ్రాలో ఒకరింట్లో పనిచేస్తుంది. మొగుడూ పెళ్లాం ఒకే దేశంలో ఉండటం అదృష్టమని ఊళ్లో అందరూ అన్నారు. నిజమే, ఫోన్ చేసుకుంటే టైము తేడా ఉండదు. కలుసుకోవాలంటే మాత్రం బస్టాపులోనో, సూపర్‌మార్కెట్ ట్రాలీల పక్కనో నిలబడాలి.

రంజాన్ అయ్యాక ఒక శుక్రవారం గిరాకీ లేకపోతే, బండి యజమాని అర్బాబ్ దయతలచి, బండిలో నీ భార్యను తిప్పి తీసుకురమ్మన్నాడు. ఆమె మేడం కూడా సాయంత్రం దాకా సెలవిచ్చింది. నఖల్‌లో వేడినీటి ఊట ఉంది. పెళ్లాం పక్కన కూర్చుని, ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని తీరిగ్గా మాట్లాడాలి. లింబాద్రికి అంతకుమించి కోరిక లేదు.

గౌరవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చి, నేరుగా వెనక తలుపు తీసి ఎక్కింది. మేడం కారులో పనిమనిషి చోటు వెనకే కదా.

“ముంగటికి రారాదే!” అన్నాడు లింబాద్రి.

“అస్త గని, ఈ సింకు జూడు. మనుషులేనా తిన్నది?”

కొంగు దోపింది. గిన్నెలు తోమింది, పొయ్యి తుడిచింది, దుప్పట్లు దులిపింది. లింబాద్రి రెండుసార్లు పిలిచి, ఇక బండి కదిలించాడు. వెనకున్నవాళ్లను కదిలించకుండా మలుపులు మెల్లగా తిప్పడం అతనికీ అలవాటే. సెలవు రోజున ఇద్దరూ శుభ్రంగా డ్యూటీ చేశారు.

నఖల్‌లో బండి ఆపి చూస్తే, తను పరిచిన మంచం మీదే గౌరవ్వ నిద్రపోతోంది. ఆమె పగటిపూట కన్నుమూసి ఎన్నేళ్లయిందో! లింబాద్రికి గుండె కరిగింది. లేపబుద్ధి కాలేదు. వేడినీళ్లలో ఒక్కడే కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ కుటుంబాలు నవ్వుకుంటూ మాంసం కాలుస్తున్నాయి. మేడం చెప్పిన వేళ దగ్గరపడుతుంటే బండి వెనక్కి తిప్పాడు.

ఘుబ్రాలో మేడం ఇంటి గేటు ముందు ఆగాక గౌరవ్వ లేచింది.

“ఊట అచ్చిందా?”

“పోయినం, అచ్చినం గూడ.”

“నన్నెందుకు లేపలే?”

“మంచిగ పండుకున్నవ్ గదా.”

“పండుకునేటందుకే అచ్చిన్నా? నీతోని నాలుగు ముచ్చట్లు పెడ్దామని గాదా!”

“ముంగట కూసుంటే పెడుదువు. గిన్నెలు తోమమని నేను జెప్పిన్నా?”

ఆమె ఏడుస్తూ తిట్టింది. అతనూ తగ్గలేదు. లోపలి నుంచి మేడం పిలిచేదాకా, ఆ కాసేపు మాత్రం వాళ్లు అచ్చంగా మొగుడూ పెళ్లాల్లా ఉన్నారు.