చిన్నాయన ఆగిపోయిన పేజీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మాటను అందరూ గొంతు తగ్గించి అనుకునేవారు. నాకు మా చిన్నాయన గాలి సోకిందని. ఆయన మా నాయనకు తమ్ముడు. నేను పుట్టకముందే, ఇంకా బడికి పోయే వయసులోనే, ఉప్పునుంతల దగ్గర మా మెట్ట చెలకలోని బావిలో పడి చనిపోయాడు. బడి ఎగ్గొట్టి ఆ బావి మెట్ల మీద దాక్కునేవాడట. ఆ రోజు పొద్దున మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆయన్ని చెయ్యి పట్టి ఈడ్చుకుపోయి సారుకు అప్పజెప్పింది. ఊళ్లో తల్లులందరూ అనే మాటే తానూ అన్నది. "కండ్లు రెండు ఇడిసిపెట్టి యాడనన్న కొట్టుండ్రి సారూ." మధ్యాహ్నానికి పిల్లవాడు బళ్లో లేడు. బావిలోనిదేదో తన కొడుకును పిలిచిందని అవ్వ నమ్మకం.

నేనూ ఆయనలాగే చదవలేకపోయేదాన్ని. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ ఎన్నడూ చూడనిదానిలా ఉండేది. ప, ష, ఫ నాకు మూడూ ఒకటే. పాఠమంతా చెవితో పట్టి గడగడా అప్పజెప్పేదాన్ని గానీ, సారు నడిమి మాట మీద వేలు పెడితే నోరు పడిపోయేది. చిన్నాయనదీ అచ్చం ఇదే తీరట. నేను కూడా బడి ఎగ్గొట్టి బావి వైపు పోతున్నానని ఎవరో చెప్పిన రోజు అవ్వ అన్నం ముట్టలేదు. అమాసనాడు నన్ను మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవాలని తేల్చింది. ఆయన చింత బరికెతో కొట్టి గాలిని వదిలిస్తాడని పేరు. ఆ పైన ఇక బడి మాన్పించడమే. చదువు పోతున్నందుకు నాకు ఏడుపు రాలేదు. చిన్నాయన నిజంగానే నా లోపల ఉన్నాడేమో, నన్ను కొడితే ఆయనకూ తగులుతుందేమో అని ఏడ్చాను.

అంతలో ఎండాకాలం సెలవులకు అచ్చంపేట నుంచి మా మేనత్త వచ్చింది. అవ్వకు ఒక్కతే కూతురు, అక్కడి బళ్లో టీచరు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు చదివించింది. తర్వాత లేచి అవ్వ దగ్గరికి పోయింది.

"వాని గాలి నేనే ఎల్లగొడ్తనమ్మా. మంత్రగాని కాడికి వద్దు. గానీ నేను చెప్పినట్టు ఇనాలె."

రోజూ పొద్దున గింజల అర్రలోకి మేమిద్దరమే పోవాలి. ఇంకెవరూ రావద్దు. పిల్లను కొట్టొద్దు, తిట్టొద్దు, ఏదీ చదువు చూద్దాం అని అడగొద్దు. అడిగితే గాలి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఇంత పట్టింపు ఏ మంత్రగాడికీ లేదని అవ్వ మురిసిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టి, కట్టె పట్టుకుని గడప బయట కాపలా కూర్చుంది. మా నాయన గడ్డపార కోసం లోపలికి రాబోతే ఆయనకూ రెండు తగిలాయి.

లోపల మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. చాటలో వాగు ఇసుక ఉండేది, అంతే. అత్త నా వేలు పట్టి అందులో పెద్ద అక్షరం దిద్దించేది. దిద్దుతున్నంతసేపూ దాన్ని పైకి పలకాలి. ఆ తర్వాత కళ్లు మూసుకుని దిద్దాలి. నిన్నటిది నిలిచిందని తేలితేనే ఇవాళ కొత్తది. 'మ' వచ్చాక 'ల', రెండూ కలిపితే 'మల'. 'ప' నేర్పాక దాన్ని పోలిన 'ష' జోలికి చాలా రోజులు పోనేలేదు. తేలిక మాటలయ్యాక దీర్ఘాలు, వాటి తర్వాత గుణింతం, అన్నిటికంటే చివర ఒత్తులు. నేను ఊహించి చెబితే ఊరుకునేది కాదు, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టించి పలికించి కలిపించేది. తప్పితే కోప్పడకుండా, వచ్చినదాని దగ్గరికే తీసుకుపోయి మళ్లీ మొదలుపెట్టేది. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావత్తా అని ఒకసారి అడిగాను. "మీ చిన్నాయన పోయినకాడికెల్లి ఎతుకుతున్న," అన్నది, ఇసుక సదురుతూ.

ఆ ఎండాకాలం చాలలేదు. దసరాకూ వచ్చింది, తర్వాత ఆదివారాలూ వచ్చింది. నేను బావి వైపు పోవడం మానేశాను గనుక అవ్వ కూడా ఓపిక పట్టింది.

ఒక ఆదివారం అవ్వ సందూకలో నుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తీసింది. అది చిన్నాయన తెలుగు వాచకం. గాలి పూర్తిగా పోయిందో లేదో ఆమెకు తేలాలి, అందుకని ఆయన ఆగిపోయిన పేజీ నాతో చదివించాలనుకుంది. ఆ పేజీ దాకా అంచులు నలిగి, ఆయన బొటనవేలి మరకతో నల్లబడి ఉన్నాయి. ఆ తర్వాతివన్నీ కొత్తగా ఉన్నాయి. నేను తప్పితే మళ్లీ మంత్రగాడేనని అత్తకు తెలుసు, అయినా వద్దనలేకపోయింది. నేను వేలు పెట్టి మొదలుపెట్టాను. ఒక ఒత్తు దగ్గర ఆగాను, విడదీసి పలికాను, కలిపాను. పేజీ అయిపోయింది. ఎవరూ ఆపకపోయేసరికి తిప్పి, ఆ పక్క పాఠం కూడా చదివాను. చెవితో ఎన్నడూ విననిది.

అవ్వ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ఆ నలగని పేజీ మీద అరచెయ్యి పెట్టి, ఏం మంత్రం వేశావని కూతురిని అడిగింది. అత్త ఇక దాచలేకపోయింది. మంత్రం లేదనీ, గాలి అసలే లేదనీ, కొందరు పిల్లలకు ఇలా మెల్లగా, వరుస తప్పకుండా చెబితేనే అక్షరం నిలుస్తుందనీ చెప్పింది.

అవ్వ పేజీ మీది చెయ్యి తీయకుండానే తలెత్తి అడిగింది.

"మరి వానికి గూడ గిట్ల చెప్తే, వాడు సదువుతుండెనా బిడ్డా?"

"సదువుతుండెనమ్మా."

అవ్వ లేచిపోయి గుమ్మానికి ఎండి వేలాడుతున్న వేపమండలు విప్పింది. అన్నాళ్లూ కొడుకును బావి పిలుచుకుపోయిందనుకుని బతికింది. ఆ రోజుతో ఆ ఊరట కూడా పోయింది. తర్వాత బతికినంత కాలం ఆమె ఎవరి పిల్లలనూ కొట్టనివ్వలేదు.

ఇప్పుడు నేను వనపర్తిలో మనవళ్ల దగ్గర ఉంటున్నాను. వాళ్ల బళ్లో ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అంటున్నారు, నేర్పడానికి పద్ధతి తెలిసిన టీచర్లూ వస్తున్నారు. మా వరండాలోనూ ఒక చాట, ఇంత ఇసుక ఉన్నాయి. సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తారు. మొన్న ఒక తల్లి నవ్వుతూ అదే మాట అన్నది, కండ్లు ఇడిసిపెట్టి కొట్టమని. నాకు నవ్వు రాలేదు. ఆమె కొడుకు నిన్న మొదటిసారి ఒక పేజీ తనంతట తాను చదివి, తర్వాతి పేజీ తిప్పాడు. నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే, ఎప్పటిలాగే, అవ్వ అడిగిన ప్రశ్న వినిపించింది. ఆమె లేదు, అత్తా లేదు. జవాబు చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

సదువుతుండెనవ్వా.