ముందు సీటు మధ్యలో జెస్సీ

అద్దంకి టాక్సీ స్టాండులో జోసఫ్ అంబాసిడర్ ఎవరికైనా తెలియదంటే, వాళ్లు ఆ ఊరివాళ్లు కాదన్నమాటే. వయసులో ఉండగా జోసఫ్ పొగాకు కాల్చే బేరన్ల ఆసామి వెంకయ్యగారి దగ్గర డ్రైవరుగా చేరాడు. ఆసామి కొత్త బండి కొనుక్కున్నాక పాతదాని తాళాలు జోసఫ్ చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకోరా, ఇది నీ మాట తప్ప ఎవరి మాటా వినదు" అన్నాడు. బండికీ జోసఫ్‌కీ ఇంచుమించు ఒకటే వయసు. గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉండేది. ముందు సీటు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే పరుపు. డ్రైవరుతో కలిపి ముగ్గురు దర్జాగా కూర్చునేవాళ్లు.

ఆ ముగ్గురిలో మధ్య మనిషి జెస్సీ, జోసఫ్ ఒక్కగానొక్క కూతురు. పుట్టగానే ఏడవాల్సిన పిల్ల ఏడవలేదు. ఆ ఒక్క ఏడుపు బాకీ బతుకంతా తీరుస్తూనే ఉంది పాపం. ఇరవై దాటినా మెడ సరిగా నిలవదు, మాట రాదు. ఆటో ఎక్కిస్తే కేకలు పెడుతుంది, బస్సు ఎక్కిస్తే అంతకన్నా పెద్ద కేకలు. కానీ ఆదివారం పొద్దున తల్లి కొండమ్మకీ తండ్రికీ మధ్య కూర్చోబెట్టి, తల నాన్న ఎడమ భుజం మీద వాల్చి, బండి చర్చికి కదిలిస్తే చాలు, ఆ పిల్ల నవ్వేది. స్టీరింగు తిరిగినప్పుడల్లా ఆ భుజం కదిలేది, భుజంతోపాటు ఆమె తల కదిలేది, దానికీ నవ్వే. మిరప కల్లాల దగ్గర ఘాటుకి తుమ్మి మళ్లీ నవ్వేది. వారం మొత్తం మీద ఆ ఇంటివాళ్లకి నవ్వు వినబడేది ఆ కాసేపే. మిగతా రోజులు జోసఫ్ బండి తిప్పేది తిండిగింజల కోసం, ఆదివారం తిప్పేది ఆ నవ్వు కోసం.

అలాంటి బండికి వయసు మీదపడింది. పెట్రోలుతో పోటీపడి ఇంజనాయిలు తాగడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం గుండ్లకమ్మ వంతెన మీద బుస్సుమని ఆగిపోయింది. లోపల జెస్సీ గుక్కపెట్టి ఏడుస్తుంటే మొగుడూ పెళ్లాం వెనక నుంచి నెట్టుకుంటూ వంతెన దాటించారు.

మెకానిక్ ఇలియాస్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు. "ఇంజను అయిపోయిందన్నా. దీని సామాన్లు ఇప్పుడు యాడా దొరకవు. గుంటూరు ఆటోనగర్‌లో తర్వాత మోడల్ అంబాసిడర్ ఒకటి పడుంది. వెనక నుంచి లారీ గుద్దింది గానీ ఇంజను నిక్షేపంలా ఉంది. గేర్‌బాక్సుతో సహా దింపి దీంట్లో ఎక్కిస్తా. అయిదు గేర్లు! ఫ్లోర్ గేరు! కొత్త కార్లలాగా!"

తప్పు అక్కడే జరిగింది. ఫ్లోర్ గేరంటే రాడ్డు బండి నేలలోంచి లేస్తుందని జోసఫ్‌కి తెలియక కాదు, ఎవరెవరి బండ్లు తోలలేదు గనక! అయినా ఆ మాట వినగానే మురిసిపోయాడు. స్టాండులో వాళ్లు "ఏరా జోసఫూ, ముసలోడికి పెళ్లి చేస్తన్నావంటగా" అని ఆటపట్టిస్తే ఇంకా మురిసిపోయాడు. రాడ్డు చివర మంచి తళతళలాడే బుడిపె బిగించమని ఇలియాస్‌కి పురమాయించాడు కూడా. ఆ రాడ్డు ఎక్కడ లేస్తుందో, అక్కడ కూర్చునే మనిషెవరో మాత్రం ఒక్కసారీ తలుచుకోలేదు. అతన్ని తిట్టడానికి నోరు రాదు. ఎప్పుడూ భుజం మీదే ఉండే బరువుని ఎవరు మాత్రం లెక్కలోకి తీసుకుంటారు?

పని పూర్తయిన శనివారం ఆ రాడ్డు పట్టుకుని గేర్లు మారుస్తూనే ఇంటికొచ్చాడు. అప్పుడూ తట్టలేదు. తెల్లారి జెస్సీకి గులాబీ రంగు గౌను వేసి, చేతుల మీద ఎత్తుకొచ్చి, బండి తలుపు తీశాక తట్టింది. పిల్లతో సహా అలాగే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, పిల్లెక్కడ కూచుంటది?" అంది కొండమ్మ.

కాళ్లు అటొకటీ ఇటొకటీ వేయించి రాడ్డుకి వెనకగా కూర్చోబెట్టి చూశారు. రెండో గేరు పడాలంటే రాడ్డు వెనక్కి రావాలి. వచ్చి పిల్ల తొడలో గుచ్చుకుంది. ఆ అరుపుకి వీధిలోవాళ్లు బయటికొచ్చారు. ఆ వారం చర్చికి వెళ్లలేదు.

మర్నాడు పొద్దున్నే జోసఫ్ గ్యారేజీలో వాలాడు. "పాత గేర్‌బాక్సు మళ్లీ ఎక్కించరా ఇలియాసూ."

"ఇంకెక్కడుందన్నా? పాత ఇనుమోళ్లు ఇంజనూ బాక్సూ బద్దలుగొట్టి లారీకెత్తేశారు. ఉన్నా దీనికి కుదరదు."

"పోనీ ఈ రాడ్డే స్టీరింగు కిందికి తే."

"అయిదు గేర్ల బాక్సన్నా. ఆ ఏర్పాటు నా వల్ల కాదు."

"మరి ముందే చెప్పొద్దంట్రా?"

"బుడిపె గురించి చెప్పావు. దాని తళతళ గురించి చెప్పావు. జెస్సమ్మ అక్కడ కూచుంటదని ఒక్క ముక్క చెప్పావా అన్నా?" అన్నాడు ఇలియాస్. అని, అన్నందుకు తనే తల దించుకున్నాడు. రాడ్డుని వేడిచేసి వీలైనంత ముందుకి వంచి పంపాడు. వంచినా మోకాళ్లకి అడ్డమే.

తర్వాతి ఆదివారం జెస్సీని వెనక సీట్లో తల్లి ఒళ్లోకి చేర్చి బయల్దేరారు. వీధి మలుపు తిరగకముందే ఏడుపు. జోసఫ్ ఎడమచేయి వెనక్కి చాచాడు. చేయి పిల్లకి అందితే గేరుకి అందదు, గేరుకి అందితే పిల్లకి అందదు. మింగలేక కక్కలేక బండి వెనక్కి తిప్పేశాడు.

ఇలియాస్‌కి ఈ సంగతి తెలిసి మనసు ఊరుకోలేదు. పై ఆదివారం తనే వచ్చి తాళాలు అడిగాడు. "నేను తోల్తానన్నా. నువ్వు వెనక కూచో. నీ భుజమేగా ఆమెక్కావాల్సింది."

ఈ ఆలోచన ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అనుకున్నాడు జోసఫ్. ఎప్పటిలాగే కుడివైపు తను, ఎడమవైపు కొండమ్మ, మధ్యలో జెస్సీ. తల భుజం మీద వాల్చింది. బండి కదిలింది. ఏడవలేదు. కొండమ్మ కళ్లు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అంది. కొత్త ఇంజను చప్పుడన్నది లేకుండా ఊరు దాటించింది. వంతెన దాటింది. కల్లాలొచ్చాయి, జెస్సీ తుమ్మింది. జోసఫ్ ఆశగా ఆమె మొహంలోకి చూశాడు.

ఆమె నవ్వలేదు. కష్టం మీద తల ఎత్తి, స్టీరింగు తిప్పుతున్న ఇలియాస్ వీపుకేసి చాలాసేపు చూసింది. తర్వాత కదలకుండా ఉన్న నాన్న భుజాన్ని చూసింది. గడ్డం దానికి ఆనించి ముందుకు నెట్టింది. మెడ నిలవక తల పక్కకి జారింది. మళ్లీ ఎత్తి మళ్లీ నెట్టింది.

"నిన్ను తోలమంటందయ్యా" అంది కొండమ్మ.

"తెలుసే" అన్నాడు జోసఫ్. చర్చి వచ్చేదాకా ఆ పిల్ల నెడుతూనే ఉంది.