“అమ్మ రిపోర్టు పంపాం, చూడండమ్మా”

క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ యంత్రం నడిపేది మా చెల్లెలు. రోగిని బల్లమీద పడుకోబెట్టి, ముఖానికి ముసుగు బిగించి, “కదలకమ్మా” అని చెప్పి బయటికొచ్చి తలుపు వేసేది. అందరికీ ఆమె కదలకమ్మే. గుమ్మంలో పిల్లి కనిపించినా అదే మాట చెబుతుందని మా ఆవిడ ఏడిపించేది.

ఆ మా ఆవిడకే గొంతులో గడ్డ లేచింది.

“ఇన్నాళ్లూ వెక్కిరించావుగా వదినా, ఇప్పుడు చిక్కావు నాకు.”

“చిక్కాను తల్లీ. కాస్త చూసి కాల్చు.”

మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ పుంజుకుంటుందని డాక్టరు ముందే చెప్పారు. చికిత్స సగంలో ఉండగా ఒక ఉదయం ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ తాళాలు పడ్డాయి. తెరల మీద ఒకటే సందేశం: డబ్బు కట్టండి, తాళంచెవి ఇస్తాం. ఎవరికి ఎక్కడ ఎంత కిరణం పోవాలన్న కొలతలన్నీ లోపలే ఉండిపోయాయి. యంత్రం బాగానే ఉంది, వేయడానికి లేదు. వేరే ఆసుపత్రులలో అప్పటికే రోగులు బారులు తీరి ఉన్నారు.

కంప్యూటర్ల నిపుణుణ్ని పిలిపించారు. “పూర్వం ఈ దొంగలు గొప్ప కోసం దూరేవాళ్లండీ. తెరమీద పేరు రాసుకుని పోయేవాళ్లు. తర్వాత కార్డుల నంబర్లు ఎత్తుకుపోవడం నేర్చారు. ఇప్పుడైతే ఆఫీసు పెట్టి నడుపుతున్నారు. సందేహాలుంటే అడగమంటారు, మర్యాదగా జవాబిస్తారు.”

“మన రిసెప్షన్ కంటే నయం,” అన్నారెవరో.

దొంగలు ఎటునుంచి వచ్చారో అతనే తేల్చాడు. దూరం నుంచి వచ్చేవాళ్లు పాత స్కానులు మెయిల్లో పంపేవారు. రోగి ఎదురుచూడకూడదని మా చెల్లెలు వాటిని తన గదిలోని కంప్యూటర్లోనే తెరిచేది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అలాంటిదే ఒకటి వచ్చింది: “అమ్మ రిపోర్టు పంపాం, చూడండమ్మా.” తెరిస్తే లోపల ఏమీ లేదు. కంగారులో ఖాళీది పంపారనుకుని, మళ్లీ పంపమని జవాబు కూడా రాసింది.

“ఎవరో తల్లి కోసం రాశారనుకున్నాను అన్నయ్యా. వదినకు చెప్పావా?”

“నువ్వే చెప్పు.”

చెప్పింది. “మళ్లీ పంపమన్నావా, పిచ్చిదానా,” అంది మా ఆవిడ.

ఆసుపత్రి డబ్బు కట్టింది. వాళ్లిచ్చిన తాళంచెవితో కొందరి ఫైళ్లే తెరుచుకున్నాయి. మా ఆవిడది తెరుచుకోలేదు. కొత్తగా కొలతలు తీసేసరికి గడ్డ మెడలోకి పాకింది. ఇకమీదట నొప్పి తగ్గించడానికే కిరణాలన్నారు. వాటిని ఇంకొకరి చేత వేయిస్తానని చెల్లెలు అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. ముసుగు బిగించే ఆ కాసేపూ వదినామరదళ్లు ఒకరినొకరు చూసుకునేవారు కారు.

మా ఆవిడ పోయింది. చెల్లెలు ఉద్యోగం మానలేదు. మొన్న నేను ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి అడుగుతోంది.

“స్కాను పంపామండీ, చూశారా?”

“మెయిల్లో తీసుకోం. ఫిల్మే పట్టుకురండి.”

“మాది చాలా దూరమండీ. మీరే ఒకసారి తెరిచి చూస్తే…”

చెల్లెలు తలెత్తకుండానే తర్వాతివాళ్లను పిలిచింది.