చీకట్లో ఉంచాల్సిన రాయి

మా ఖనిజశాస్త్రం సార్ పోయి మూడు వారాలైంది. ఆయన భార్య, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. అయ్యో అన్నాను. ఆ అయ్యో ఆంటీ కోసమే. సార్ కోసం నా దగ్గర కన్నీళ్లు లేవు. అడిలైడ్ తెలుగువాళ్లు సంస్మరణ సంచిక వేస్తున్నారట, ప్రియ శిష్యురాలివి కదా, ఒక పేజీ రాయమన్నారు. జరిగింది వాళ్లకు తెలియదు. రాస్తున్నాను, వేసుకుంటారో లేదో వాళ్లిష్టం.

ముందు ఆయనకు దక్కాల్సింది ఇచ్చేస్తాను. ఆయన పాఠం చెబితే వినాలి. కరీంనగర్ నుంచి వచ్చిన నాకు అప్పటిదాకా రాయంటే గ్రానైటే. ఉప్పు జాతి రాళ్లయిన హాలైడ్ ఖనిజాల మొదటి క్లాసులో రెండు తెల్లటి పలుకులు చేతిలో పెట్టి నాకమన్నారు. ఒకటి మన వంటింటి ఉప్పే, సముద్రమో ఉప్పు సరస్సో ఎండిపోతే మిగిలేది. రెండోది సిల్వైట్, పొలాలకు వేసే పొటాష్ వచ్చేది దాన్నుంచే. అది నాలుక మీద చేదుగా దిగింది. ఇంకే రాయినైనా నాకితే క్లాసులోంచి గెంటేస్తానన్నారు. తర్వాత లైట్లు ఆర్పి ఫ్లోరైట్ అనే ఇంకో రాయి మీద అల్ట్రావయొలెట్ దీపం వేస్తే అది నీలంగా వెలిగింది. ఈ చదువు వదలకూడదని ఆ రోజే అనుకున్నాను. ఎవరు ఏ సందేహం అడిగినా "రాయిని అడుగు, నన్ను కాదు" అనేవారు.

మనిషి మాత్రం ముళ్లకంప. లేబుల్ మీద ఒక్క అక్షరం వంకర పోతే చింపి మళ్లీ రాయించేవారు. మాసన్ లేక్స్‌లో వాళ్లింటికి భోజనానికి పిలిచి, పప్పులో ఉప్పెక్కువైందని ఆంటీని మా ముందే కడిగేసేవారు. ఏదైనా నలుగురిలో అనడమే ఆయనకు ఇష్టం. తన తప్పు ఒప్పుకోవడం మాత్రం నేను ఒక్కసారీ వినలేదు.

యూనివర్సిటీలో రాళ్లు దాచే గదిలో నాకు గంటల లెక్కన క్యాజువల్ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అక్కడ బ్రోకెన్ హిల్ గనుల నుంచి వచ్చిన హార్న్ సిల్వర్ ఒకటుండేది. ఎండు నేలల్లో, పై పొరల్లో ఉన్న వెండి ఖనిజాన్ని ఉప్పునీళ్లు తాకితే పుట్టే రాయి అది. మైనంలా చాకుతో కోయొచ్చు. వెలుతురు తగిలితే నల్లబడుతుంది. పాత ఫొటో ఫిలిం పనిచేసింది ఇలాంటి గుణంతోనే. అందుకే దాన్ని చీకటి సొరుగులో ఉంచాలి.

ఒక శుక్రవారం ఎవరో అతిథికి చూపించాలని సార్ దాన్ని బయటికి తీయించారు. నేను రెండింటికి సూపర్‌మార్కెట్‌లో షిఫ్టుందని వెళ్లిపోయాను. సోమవారం వచ్చేసరికి అది కిటికీ పక్క బల్ల మీదే ఉంది. లేత బూడిదరంగు పోయి ఊదానలుపుకు తిరిగింది.

డిపార్ట్‌మెంట్ హెడ్ ముందు సార్ ఇంగ్లీషులో చెప్పింది ఒక్క వాక్యం. లోపల పెట్టమని ఈ అమ్మాయికి చెప్పాను అని.

నాకు ఇంగ్లీషు రాలేదు ఆ క్షణాన. "నేను రెండింటికే పోయిన గద సార్. మీరు నాకేం చెప్పలే" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "వెళ్లే ముందు చెప్పాను. నువ్వే మర్చిపోయుంటావు."

ఉద్యోగం పోయింది. ఆయన దగ్గర చేయాల్సిన పీహెచ్‌డీ పోయింది. అవి పోతే పోయాయి. ఆ రోజు నుంచి నన్ను నేను నమ్మలేకపోయాను, అదీ ఆయన చేసిన పాడు పని. నిజంగానే చెప్పారేమో, నేనే మర్చిపోయానేమో. పదకొండేళ్లుగా ఇంటికి తాళం వేసి, సగం దారి నుంచి కారు వెనక్కి తిప్పి చూసుకుంటున్నాను. మా ఆయనకు అదొక వేళాకోళం. ఇప్పుడు నా పని బోరునీళ్లలో ఉప్పెంతుందో చూడటం. గ్లాసులోని నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు తెల్లటి మడ్డి దిగుతుంది. హార్న్ సిల్వర్‌లో ఉండే పదార్థమే అది. సార్‌ను మర్చిపోదామన్నా ఆ గ్లాసు మర్చిపోనివ్వదు.

కర్మలన్నీ అయ్యాక ఆంటీ పిలిచి ఒక చిన్న చెక్కపెట్టె చేతిలో పెట్టారు. "నీకే ఇమ్మన్నారమ్మా. పాడైన రాయి యూనికి అక్కర్లేదంటే ఇంటికి తెచ్చుకున్నారు. నన్నెప్పుడూ మూత తియ్యనివ్వలేదు."

ఇంటికొచ్చి వంటగది బల్ల మీద తెరిచాను. అదే రాయి. కింద పచ్చబడిన లేబుల్, వంకర లేని అక్షరాలు. రాయి పేరు, దొరికిన ఊరు, వాటి కింద తెలుగులో ఇంకో వరుస: "వెలుతురులో వదిలేసింది నేనే. లోపల పెట్టమని ఆ అమ్మాయికి చెప్పనేలేదు."

అప్పుడు ఏడ్చాను. ఆయన కోసం కాదు, సగం దారి నుంచి కారు వెనక్కి తిప్పిన మనిషి కోసం. నన్ను నలుగురిలో దోషిని చేసి, నిజం మాత్రం పెట్టెకు చెప్పుకున్నారు. నేనుండేది అరగంట దూరంలో. ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని సార్.

ఆ రాయిని ఎండలో పారేద్దామనిపించింది. ఓ మూల ఇంకా మిగిలిన ఆ బూడిదరంగు కూడా మాడిపోనీ అనిపించింది. చేతులు ఒప్పుకోలేదు. ఆ చేతులకు నేర్పింది ఆయనే. రాయిని పెట్టెలో పెట్టి, అలమారలో లోపలి మూలకు నెట్టి తలుపు వేశాను.

లేబుల్ మాత్రం కిటికీ అద్దానికి అంటించాను, వచ్చేపోయేవాళ్లకు అక్షరాలు కనిపించేలా. మధ్యాహ్నం ఎండ నేరుగా దాని మీదే పడుతోంది.