ఐసుగడ్డల మధ్య గాజు పలక

మనవరాలు ఉల్లిముక్కల మీద వెనిగర్ పోస్తుంటే ఆ ఘాటు నన్ను వంటింట్లోంచి ఎక్కడికో లాక్కుపోయింది. యాభైలనాటి మద్రాసులో, కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన కాలేజీ గదిలో, మా ఫిజిక్స్ టీచరు కనకవల్లిగారి పక్కన నిలబెట్టింది.

మాది సౌకార్‌పేటలో పప్పుల వ్యాపారం చేసే కుటుంబం. నాకు పరమాణువు లోపలి కణాలంటే పిచ్చి, కెమిస్ట్రీ అంటే తలనొప్పి. డిగ్రీలో ఫిజిక్స్ తీసుకుంటే కెమిస్ట్రీ కూడా చదవక తప్పదు. ఆ బాధ పడలేక ఫిజిక్సే వదిలేసి లెక్కల్లో చేరిపోదామనుకున్నాను. మనసొప్పక, అసలు కణాలకు కెమిస్ట్రీ ఎందుకని టీచరునే అడిగాను.

"కణాలకు అక్కర్లేదమ్మా. వాటిని చూడాలనుకునే మనకు కావాల. ఆదివారం ఐసు తీసుకోనిరా, చూపిస్తా," అన్నారు.

ఐసు దొరికేది రాయపురం చేపల బజారులో. చేప పేరెత్తితేనే నోరు కడుక్కునే ఇంటిదాన్ని, ముక్కు మూసుకుని వెళ్ళి, కారుతున్న గోనెసంచితో రిక్షా ఎక్కాను.

ఆకాశం నుంచి వచ్చే కణాల జాడ పట్టడానికి టీచరు ఫొటో పూత పూసిన గాజు పలకను నెలల తరబడి కొడైకెనాల్ కొండమీద ఉంచి తెచ్చారు. ఉన్నది అదొక్కటే. జాడ బయటపడాలంటే పలకను మందు కలిపిన నీళ్ళలో ముంచాలి, మద్రాసు కుళాయి నీళ్ళ వేడికేమో ఆ పూత జారిపోతుందట. అందుకని ఆ నీళ్ళ ట్రేల చుట్టూ ఐసు పేర్చి, వేళ్ళు మొద్దుబారేదాకా వాటిని పట్టుకున్నాను. ఒక ద్రావణం జాడను నల్లబరిచింది, వెనిగర్ వాసన వేసేది ఆ పనిని ఆపింది, మూడోది అక్కర్లేనిదాన్ని కడిగేసింది. నేను బట్టీపట్టి మరిచిపోయిన పేర్లన్నీ అక్కడ పనిచేస్తూ కనబడ్డాయి.

సాయంత్రం ఇంటికొస్తే అవ్వ గడపలోనే ఆపేసింది.

"ఆడనే నిలబడు. ఆ నీసు చేతుల్తో లోపలికి రాబాక."

పెరట్లో తలమీద నీళ్ళు పోసుకున్నా వాసన వదల్లేదు.

మర్నాడు కాలేజీలో, పలక ఆరాక టీచరు దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, తాను చూడకుండా పక్కకు జరిగారు.

"ముందు నువ్వు చూడు. ఐసు మోసింది నువ్వు గదా."

సన్నని గీతలో నల్లచుక్కలు. ఒక కణం నడిచిపోయిన దారి. ఏడుపొచ్చింది.

ఫిజిక్సే తీసుకున్నాను. కెమిస్ట్రీ మీద ప్రేమేమీ పుట్టలేదు గానీ, దాన్ని తప్పించుకోవాలని మళ్ళీ అనుకోలేదు. టీచరు పోయి చాలా ఏళ్ళయింది. వెనిగర్ సీసా మూత తీసినప్పుడల్లా చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆ నీసు వాసన కాస్తయినా మిగిలుంటే బాగుండుననిపిస్తుంది.