ఆరుగురు నొక్కిన కణత

కణత దగ్గర చర్మం కిందే ఉండే రక్తనాళం వాచే జబ్బు ఒకటుంది. పట్టించుకోకపోతే ఒక్కోసారి కంటిచూపే పోతుంది. స్కానింగ్‌లో దాన్ని గుర్తుపట్టడం కుర్ర డాక్టర్లకు నేర్పుదామంటే మా ప్రాంతంలో అలాంటి రోగులు అరుదు. అందుకే కర్నూలులో నేను పనిచేసే ఆసుపత్రిలో బొమ్మలు తయారు చేయడం మొదలుపెట్టాను.

బొమ్మలంటే జెల్లీ దిమ్మలు. లోపల సన్నటి గొట్టాలు పెట్టి, వాటిలో నీళ్లు పారించేవాళ్లం. కొన్ని గొట్టాల గోడ పలచన, కొన్నింటిది మందం. పైన స్కానింగ్ ప్రోబ్ పెట్టి నొక్కితే పలచటి గొట్టం అణిగిపోయి తెర మీద మాయమవుతుంది. మందపాటిది ఎంత నొక్కినా నల్లటి ఉంగరంలా మిగిలే ఉంటుంది. జబ్బు ఉన్న రక్తనాళం కూడా అంతే. ఎండాకాలంలో మా ఊళ్లో ఆ జెల్లీ నిలిచేది కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గంటకే అంచులు జారిపోయేవి. అయినా రెండేళ్లు వాటితోనే పాఠాలు చెప్పాను. ఎవరైనా మెల్లగా ఆనించి ఊరుకుంటే, "ఇంకా నొక్కండి, దానికేం నొప్పి లేదు" అని నవ్వేవాణ్ణి.

ఒకరోజు ఓపీకి డెబ్బై ఏళ్ల అవ్వ వచ్చింది. ఓర్వకల్లు దగ్గర పల్లె. రెండెకరాల చేను, పల్లెలో చర్చి, అంతకుమించి లోకం తెలియని మనిషి. తోడుగా రాజంపేట నుంచి ఆమె చెల్లెలు వచ్చింది.

"పది దినాల నుంచి కణత నొస్తాండాది నాయనా," అంది అవ్వ. "దువ్వెన పెట్టేకి కాలేదు. రొట్టె నమిల్తే దవడ పట్టుకుంటాండాది."

ప్రోబ్ పెట్టగానే తెర మీద నల్లటి ఉంగరం. నొక్కాను, పోలేదు. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. మందు మొదలుపెడితే ఆ ఉంగరం కొద్దిరోజుల్లో మాసిపోతుంది. అందుకని నా దగ్గర నేర్చుకుంటున్న ఆరుగురినీ అప్పటికప్పుడు పిలిపించాను.

"బొమ్మ మీద చూసింది ఇప్పుడు మనిషిలో చూడండి. ఒక్కొక్కరూ నొక్కి చూడండి," అన్నాను.

అవ్వను ఒక్క మాట అడగలేదు. చిన్న గది, ఆమె చుట్టూ ఏడుగురం. మొదటివాడు నొక్కాడు. రెండోవాడికి సరిగ్గా కనిపించకపోతే అతని చేతి మీద నా చెయ్యి వేసి గట్టిగా నొక్కించాను. అవ్వ కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. "ప్రార్థన చేసుకుంటాంది సార్," అన్నాడొకడు. మేమంతా ముచ్చటపడి నవ్వాం.

ఆరో మనిషి కడప నుంచి వచ్చిన డాక్టరమ్మాయి. తన వంతు రాగానే ప్రోబ్ పక్కన పెట్టి, "చాలు సార్, నేను చూసినాను," అంది.

"చూస్తే చాలదు. చెయ్యికి తెలియాలి," అన్నాను విసుగ్గా.

ఆ అమ్మాయి ప్రోబ్ ముట్టలేదు. కాగితం రుమాలు తీసుకుని అవ్వ కణత మీది జెల్ మెల్లగా తుడిచింది. పిరికిది, ఇలాంటివాళ్లు పనికిరారు అనుకున్నాను.

అవ్వకు అదే రోజు మందు మొదలుపెట్టాను. ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దని, వారానికి మళ్లీ రమ్మని చెప్పాను. వారమైంది, రాలేదు. మరో వారమైంది. ఆ లోపల కడప అమ్మాయి శిక్షణ ముగించుకుని తన ఊరికి వెళ్లిపోయింది. ఒక పాఠంలో ఆ అవ్వ సంగతే చెబుతూ, "పల్లెటూరి వాళ్లు ఇంతే, మధ్యలో మానేస్తారు. కళ్లు పోయాక వస్తారు," అన్నాను. అందరూ రాసుకున్నారు.

మూడో వారంలో కడప నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, ఆ అవ్వ నా దగ్గరికి వచ్చింది. మందు ఒక్కరోజు కూడా మానలేదు. చూపు బాగుండాది."

"మరి ఇక్కడికి ఎందుకు రాలేదు? అంత దూరం ఎందుకు వచ్చింది?"

"కర్నూలుకు రాదంట సార్. రాజంపేటలో చెల్లెలింట్లో దిగి, ఆ పొద్దు నొక్కని కడప పాప యాడ ఉందని అడుగుతా వచ్చినారు."

అవ్వను మళ్లీ ఎప్పుడు రమ్మందో ఆ అమ్మాయినే అడిగి, ఆ రోజు పొద్దున్నే కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటేదాకా అవ్వతో ఏమనాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. రోగి మేలు కోసమే నేర్పామనీ, నేర్చుకున్నవాళ్లు రేపు పదిమంది చూపు కాపాడతారనీ. అన్నీ నిజాలే. బస్సు దిగేసరికి వాటిలో ఒక్కటీ నోటికొచ్చేలా లేదు.

ఆసుపత్రి వరండాలో అక్కాచెల్లెళ్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అవ్వ నన్ను చూసింది. చూడగానే ఆమె చెయ్యి కణత మీదికి పోయింది. కొంగు ముందుకు లాక్కుంది. చెల్లెలు లేచి ఆమెకు అడ్డంగా నిలబడింది.

"ఏం సార్, ఈడికి వచ్చినావు?"

"అవ్వను చూసిపోదామని."

"చూసినారు కదా, అందరూ చూసినారు. ఆ పొద్దు నుంచి తల దువ్వనీలేదు. దువ్వెన తీస్తేనే బెదురుకుంటాంది. నొప్పి తగ్గినాక కూడా."

నేను అవ్వ ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాను. "అంత నొస్తాంటే నాతో చెప్పలేదేమవ్వా?"

"చెప్తి కదా నాయనా," అంది అవ్వ. కోపం లేదు, ఆశ్చర్యపోతున్నట్టు అంది. "వచ్చీరాకనే చెప్తి. దువ్వెన పెట్టేకి కాలేదని."

నిజమే. ఆ మాట నా చేత్తోనే చీటీలో రాసుకున్నాను. జబ్బు లక్షణంగా రాసుకున్నాను.

"తప్పు నాదేనవ్వా," అన్నాను.

"కానీలే. డాక్టర్లు, చూసుకోనీలే అనుకుంటి." అవ్వ అటు తిరిగింది. కణత మీది చెయ్యి మాత్రం తీయలేదు.

ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది. నేనూ లేచాను. చెల్లెలు తల అడ్డంగా ఊపి, "నువ్వు ఈడనే ఉండు సార్," అంది. ఉన్నాను. తలుపు సందులోంచి ఆ అమ్మాయి గొంతు వినబడుతోంది. "ఈడ పెడ్తాండా అవ్వా. నొస్తే చెయ్యెత్తు, తీసేస్తా." అవ్వ ఏదో అంది, ఇద్దరూ నవ్వారు.

వాళ్లు వెళ్లిపోయాక ఆ అమ్మాయి బయటికొచ్చింది. ఉంగరం దాదాపు మాసిపోయిందని చెప్పింది.

"ఆ రోజు నువ్వైనా నాతో అనాల్సింది," అన్నాను.

"మీరు సారు కదా," అంది. మళ్లీ తనే, "అనాల్సింది సార్. ఐదుగురు నొక్కేదాకా నేనూ చూస్తానే ఉంటిని," అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటున్నా లోపలి సీట్లోనే కూర్చున్నాను. ఎవరూ నా ముఖం చూడకపోతే బాగుండుననిపించింది.

అవ్వ మళ్లీ కర్నూలు రాలేదు. మందు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ కడపలోనే చూపించుకుంటోంది, చూపు నిలిచింది. నేనిప్పుడు బొమ్మల పాఠం మొదట్లోనే ఈ సంగతి చెబుతున్నాను. ఏడాదిపాటు "ఒక డాక్టరు ఇలా చేశాడు" అని చెప్పాను. పోయిన బ్యాచ్‌లో ఒక కుర్ర డాక్టరు, "అట్లాంటోడు ఎవరు సార్?" అని అడిగాడు. "నేనే" అన్నాను.