డైనింగ్ హాల్లో పూటకూళ్ళ ఇల్లు

ఆ ఆటకు బోర్డు ఉండదు, పేకముక్కలు ఉండవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషిగా మారి, తామిప్పుడు ఏం చేస్తారో చెబుతారు. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నది పడితే చెడినట్టు. అంతే. చిన్నప్పుడు మేం ఆడుకున్న అమ్మా నాన్నా ఆటకీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదని ఎవరికైనా చెబుతుంటాను. ఆ మాట నిజమే గానీ, పెద్దవాళ్ళు ఆడినప్పుడు తగిలే దెబ్బలు వేరు.

అప్పుడు నేను మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మాది గోదావరి జిల్లా. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నా గదిలో ఇంకో ఇద్దరు ఉండేవారు, ఒకమ్మాయిది విజయవాడ, ఇంకో అమ్మాయిది కరీంనగర్. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ హాల్ ఖాళీగా ఉంటుంది. ముగ్గురం అక్కడ చివరి బల్ల దగ్గర కూర్చుని ఆడేవాళ్ళం. కథ చెప్పేది నేను.

నేను అల్లిన కథ ఒక పూటకూళ్ళ ఇంటి గురించి. మంచు కొండల మధ్య, రెండు రాజ్యాల సరిహద్దులో ఉంటుంది ఆ ఇల్లు. దాన్ని నడిపేవాళ్ళు మామూలు వంటవాళ్ళు కాదు. ఒకప్పుడు రాక్షసులతో పోరాడి, విసిగిపోయి, కత్తులు పక్కనపెట్టి గరిటెలు పట్టుకున్న మహా వీరులు. విజయవాడ అమ్మాయి అప్పడాల కర్రతో కొండంత మనిషినైనా పడగొట్టగలదు. కరీంనగర్ అమ్మాయి వాసన చూసి ఏ విషాన్నయినా పట్టేస్తుంది. దారిన పోయే సైనికులు, దొంగలు, మంత్రగాళ్ళు అందరూ అక్కడికి తిండికొస్తారు. వాళ్ళతో పాటు గొడవలూ వస్తాయి.

మేం ఆడుతుంటే హాస్టల్ వంట ఆంటీ పక్క బల్ల మీద రాత్రి వంటకు వెల్లుల్లి వలుచుకుంటూ వినేది. యాభై ఏళ్ళు ఉంటాయేమో. జనగాం వైపు నుంచి వచ్చింది. భర్త సెక్యూరిటీ గార్డు. రెండు వారాలు ఊరికే విన్నది. మూడో వారం నేను కథలో నూట యాభై మంది సైనికులు ఒక్కసారి భోజనానికొచ్చారని చెప్పగానే ఆమె చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది.

"నూట యాభై మందా? పొయ్యిలెన్ని ఉన్నయ్ బిడ్డ?"

"ఒకటే ఉంది ఆంటీ," అన్నాను.

"గట్లెట్ల అయితది? ఒక్క పొయ్యి మీద అన్నం ఉడికే వరకు వాళ్ళు మిమ్మల్నే తింటరు. ముందుగాల అంబలి పొయ్యుండ్రి. కడుపుల ఏదన్న పడితే జర సేపు ఆగుతరు."

కరీంనగర్ అమ్మాయి పకపకా నవ్వి, "ఆంటీ, నువ్వు గూడ రా, ఆడు," అని కుర్చీ లాగింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి అంచు మీద కూర్చుంది, ఎవరైనా పిలిస్తే వెంటనే లేచిపోవడానికి అన్నట్టు.

అందరికీ ఒక్కో శక్తి ఉంటుంది, మీకేం కావాలో కోరుకోండి అన్నాను. ఎగరడమో, మాయమవడమో అడుగుతుందనుకున్నాను. ఆమె చాలాసేపు ఆలోచించింది.

"నూరు మందికి లెక్కేసి వండినంక ఇంకో పది మంది వస్తె నాకు గుండెల దడ పుడ్తది బిడ్డ. ఎంతమంది వచ్చినా నా గిన్నెల అన్నం ఒడువొద్దు. గంతే."

అలా వడ్డించేకొద్దీ తరగని గిన్నె ఆమెదైంది. ఆ రోజు నుంచి పూటకూళ్ళ ఇంటికి ఆమే పెద్ద. మేం ముగ్గురం అలా అనుకోలేదు, అలా అయిపోయిందంతే. ఆమెకు రాజ్యాలూ యుద్ధాలూ పట్టవు. వచ్చినవాడు ఎక్కడి నుంచి నడిచొచ్చాడు, ఎప్పుడు తిన్నాడు, ఏం తింటాడు, ఇవే అడుగుతుంది. నేను వారమంతా ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని అల్లుకున్న కుట్రలన్నీ ఆమె రెండు ప్రశ్నలతో విప్పేసేది. మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత ఆమె ఏమడుగుతుందా అని ఊహించుకుంటూ కథ రాసుకోవడం మొదలుపెట్టాను.

మా ఆటలో అందరికీ బాగా గుర్తుండిపోయిన రోజు డ్రాగన్ వచ్చిన రోజు. కొండ కింద మూడు ఊళ్ళు తగలబెట్టి, అది పూటకూళ్ళ ఇంటి ముందు వాలింది. విజయవాడ అమ్మాయి అప్పడాల కర్ర ఎత్తింది. ఆంటీ ఆపింది.

"ఆగు. వాడు నోరు తెరిస్తె మంటలొస్తున్నయి గదా. వాని గొంతు మండుతున్నదేమో అడుగు."

నేనలా ఎప్పుడూ అనుకోలేదు. డ్రాగన్‌కు మంట బలమనే అనుకున్నాను. అది బాధ కావచ్చని నాకు తట్టనే లేదు. "అవును, పుట్టినప్పటి నుంచి మండుతూనే ఉంది," అన్నాను అప్పటికప్పుడు.

"పాపం. పచ్చి పులుసు చేస్త. సల్లగ దిగుతది."

పాచిక వేసింది. నాలుగు పడింది. పని చెడిందనే అర్థం. నేను ఏదో చెప్పబోతుంటే ఆమె పాచికను తిరిగి చేతిలోకి తీసుకుంది.

"నాలుగంటె తక్కువనా? గట్లయితే ఉప్పు తక్కువైనట్టుంది. మల్ల కలుపుత."

నియమాల ప్రకారం మళ్ళీ వేయకూడదు. వేయనిచ్చాను. పదిహేడు పడింది. డ్రాగన్ ఒక గంగాళం పచ్చి పులుసు తాగి, ముంగిట్లో తల వాల్చి నిద్రపోయింది. ఆంటీ ముఖంలో అంత సంతోషం అంతకుముందు చూడలేదు.

ఆ కథ ఆఫీసులో మా టీమ్ లీడ్‌కు చెప్పాను. ఆయనకూ ఈ ఆటల పిచ్చి ఉంది. మాదాపూర్‌లోనే ఒక కెఫేలో శనివారాలు పాతిక ముప్ఫై మంది కలిసి ఆడతారట.

"ఒక శనివారం మీ గ్రూప్‌ని తీసుకురా. నువ్వే నడిపించు. మా వాళ్ళంతా చూస్తారు," అన్నాడు.

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మూడేళ్ళుగా ఆ ఆఫీసులో నేను ఇతరుల తప్పులు వెతికి పట్టుకునే మనిషిని. మొదటిసారి నేను చేసిన ఒక పనిని చూడటానికి జనం వస్తామంటున్నారు.

గదికొచ్చి రూమ్మేట్లకు చెప్పాను. ఆంటీకి కరీంనగర్ అమ్మాయి చెప్పేసింది. మర్నాడు పొద్దున నేను టిఫిన్ ప్లేటు పట్టుకుని నిలబడితే, ఆంటీ ఉప్మా వడ్డిస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"శనివారం నాడు ఏ చీర కట్టుకోవాల్నో చెప్పు బిడ్డ. గాడ అందరు పెద్ద పెద్ద ఉద్యోగాలోళ్ళు గదా. వార్డెన్ మేడంకు చెప్పిన, పగటి వంట జల్ది చేసి పోత అని."

ఆ క్షణంలో నాకు కనిపించింది కెఫే, అందులో మా టీమ్ లీడ్, ఆయన పక్కన ఇంగ్లీషులో జోకులు వేసుకునేవాళ్ళు, వాళ్ళ మధ్య నేను మా హాస్టల్ వంటావిడను వెంటబెట్టుకుని నడిచి వెళ్ళడం. వాళ్ళు ఏమీ అనేవారు కాదేమో. నాకే సిగ్గేసింది. ఎవరిని చూసి, ఎందుకు అని అప్పుడు నన్ను నేను అడగలేదు.

"అది క్యాన్సిల్ అయిపోయింది ఆంటీ," అన్నాను.

"అయ్యో, గట్లనా," అని ఇంకో గరిటె ఉప్మా వేసింది. నన్ను ఓదారుస్తున్నట్టు వేసింది.

రూమ్మేట్లకు మాత్రం ఆంటీకి ఆ రోజు పని ఉందట, రాలేనందట అని చెప్పాను. ఒక అబద్ధం రెండయింది.

శనివారం కెఫేలో ఆట బ్రహ్మాండంగా సాగింది. డ్రాగన్ కథే ఆడించాను. పూటకూళ్ళ ఇంటి పెద్ద లేకుండా ఆ కథ నడవదు కాబట్టి ఆ పాత్ర నేనే వేశాను. మొదట మామూలుగానే మాట్లాడాను. "గట్లెట్ల అయితది బిడ్డ" అని ఆంటీ గొంతుతో ఒక మాట అనేసరికి హాలంతా నవ్వింది. ఆ నవ్వు విన్నాక నేను ఆగలేదు. ఆమెలా చేతులు తిప్పాను, కొంగు లేకపోయినా కొంగు సర్దుకున్నాను, ప్రతి మాటనూ సాగదీశాను. "ఉప్పు తక్కువైనట్టుంది, మల్ల కలుపుత" అన్నప్పుడు జనం బల్లలు చరిచారు. ఆమె ఆ మాట అన్న రోజు మాలో ఎవరం అలా నవ్వలేదు. ఆ రోజు ఆమె డ్రాగన్ మీద జాలితో అన్నది. నేను ఆమె మీద నవ్వు తెప్పించడానికి అన్నాను. అవే మాటలు.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో విజయవాడ అమ్మాయి ఆగకుండా మాట్లాడుతోంది. కరీంనగర్ అమ్మాయి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. హాస్టల్ సందులోకి తిరిగాక నా వైపు చూడకుండా అంది:

"మా ఇంట్ల నేను గూడ గట్లనే మాట్లాడ్త."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. "ఛ, అది కాదే, క్యారెక్టర్ కోసం" అన్నట్టు గుర్తు. ఆమె దిగి వెళ్ళిపోయింది.

వీడియో ఎవరు తీశారో తెలీదు. మా టీమ్ లీడ్ నాకు పంపాడు, నేను సంబరంగా విజయవాడ అమ్మాయికి పంపాను. ఆంటీకి నేను అబద్ధం చెప్పానని ఆ అమ్మాయికి తెలీదు. మర్నాడు ఆదివారం భోజనాల దగ్గర, "ఆంటీ, మీరు రాలేదు కదా, చూడండి ఎంత బాగా వచ్చిందో," అని ఫోన్ ఆమె చేతికిచ్చింది.

నేను రెండు కుర్చీల అవతల కూర్చుని ఉన్నాను. లేచి ఫోన్ లాక్కోవచ్చు. లేవలేదు. ఆమె పప్పు గరిటె గిన్నెలో పెట్టి, ఫోన్‌ను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి మొత్తం చూసింది. ఆ నవ్వులన్నీ హాల్లో వినపడ్డాయి. అయిపోయాక తిరిగి ఇచ్చేసింది.

"మంచిగ నవ్విన్రు అందరు," అంది.

తర్వాత పెరుగు గిన్నె పట్టుకుని వరసగా వడ్డిస్తూ నా దగ్గరికొచ్చింది.

"పెరుగు వెయ్యాల్నా మేడం?"

అప్పటిదాకా నేనామెకు బిడ్డనే.

ఆ మధ్యాహ్నం ఆటకు ఆమె రాలేదు. కాళ్ళు నొస్తున్నాయంది. పై ఆదివారం కూడా రాలేదు. మేం ముగ్గురం కూర్చున్నాం గానీ కథ ఎటూ కదల్లేదు. మూడో వారం కరీంనగర్ అమ్మాయి బట్టలు ఉతుక్కోవాలంది. ఆట అక్కడితో ఆగిపోయింది.

నన్ను క్షమించమని ఆమెను అడగడానికి నాకు రెండు నెలలు టైముంది. రోజూ మూడు పూటలా ఆమె చేతి తిండి తిన్నాను. ఒకసారి వంటగది గుమ్మం దాకా వెళ్ళి, "ఆంటీ, ఈ వారం ఆడదామా?" అన్నాను. "నాకు పనున్నది మేడం," అంది. కోపంగా కాదు, మర్యాదగానే అంది. ఆ మర్యాద నాకు వీలుగా కూడా ఉంది. ఆమె తిట్టి ఉంటే నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

తర్వాత ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటగదిలో కొత్త మనిషి ఉంది. భర్తకు మూసాపేటలో ఒక అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ పని దొరికిందట, గది కూడా ఇచ్చారట, అందుకని వెళ్ళిపోయారట.

నేను హాస్టల్ వదిలి ప్రగతి నగర్‌కు మారాక, ఏడాది దాటాక ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. వార్డెన్ దగ్గర ఆమె భర్త ఫోన్ నంబర్ దొరికింది. వస్తానని ముందే ఆమెకు చెబితే వద్దంటుందేమోనని, ఆయన్ను అడ్రస్ మాత్రం అడిగి, ఒక ఆదివారం పొద్దున మూసాపేట మెట్రో దగ్గర దిగి సందులు పట్టుకుని నడిచాను. ఆమె పార్కింగ్‌లో వాళ్ళ గది ముందు కూర్చుని గోంగూర తెంపుతోంది. నన్ను చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. తనేమో మళ్ళీ కింద కూర్చుంది.

దారంతా అనుకున్న మాటలేవీ సరిగ్గా రాలేదు. "ఆ రోజు నేను మీకు అబద్ధం చెప్పాను ఆంటీ. మిమ్మల్ని ఎక్కిరించాను. తప్పు చేశాను," అన్నాను. వినడానికి చాలా చిన్న మాటల్లా అనిపించాయి.

ఆమె ఆకులు తెంపుతూనే ఉంది.

"నువ్వు నా లెక్క మాట్లాడినవని నాకు గుస్స రాలే. మా చెల్లె గూడ నన్ను ఎక్కిరిస్తది. నన్ను తీస్కపోతె నేనే నవ్వించెదాన్ని గదా అందర్ని. చీర గూడ ఇస్త్రీ చేసి పెట్టుకున్న."

నేను తల వంచుకున్నాను.

"నలభై ఏండ్ల సంది వండుతున్న. ఇంట్ల, పెండ్లిళ్ళల్ల, హాస్టల్ల. ఏం వండాల్నో ఎవరో ఒకరు చెప్తరు. గా ఆటల ఒక్కదాంట్లనే నాకు ఎవ్వరు ఏం చెప్పకపోతుండె."

పై అంతస్తు నుంచి ఎవరో కారు తీయాలని కేకేశారు. ఆమె గోంగూర చాట పక్కకు జరిపి లేచింది.

"మళ్ళీ ఆడదాం ఆంటీ. నేనే ఇక్కడికి వస్తాను," అన్నాను, ఆ మాట అనకుండా ఉండలేక.

"ఇప్పుడు వద్దు బిడ్డ," అంది. "మనసు వడ్తలేదు."

గేటు తెరవడానికి వెళ్ళిపోయింది. నేను కాసేపు నిలబడి, ఆమె తిరిగి వచ్చేలోపే బయటికి నడిచాను. బిడ్డ అన్నందుకు సంతోషించే హక్కు నాకుందో లేదో తేల్చుకోలేకపోయాను. ఆ తర్వాత రెండు సార్లు ఫోన్ చేశాను. రెండు సార్లూ ఆమె భర్త ఎత్తి, పనికి పోయిందన్నాడు. మూడోసారి చేయలేదు.